చదువులో మునిగినవాళ్ల ఫోటోలు ఎలా తీస్తున్నారు?

కోటిపల్లి రేవు: నమస్కారమండి. గోదారి దాటించి ముక్తేశ్వరం చేర్చే పంటు (బళ్లు, మనుషుల్ని ఎక్కించుకునే పడవ) మీద పొద్దున్నే పేపర్లో తలదూర్చినవాళ్లు కనిపిస్తారు. చుట్టూ బైకులు, ఇంజిన్ రొద, వాళ్లకేం పట్టదు. ఆ ముఖాలంటే నాకు చాలా ఇష్టం. కానీ కెమెరా ఎత్తగానే తలెత్తేస్తారు. అడిగితే జుట్టు సర్దుకుంటారు, చదవడం ఆగిపోతుంది. మీరేం చేస్తున్నారు?

అమలాపురం కుర్రాడు: ముందు తీసి, వెంటనే చూపించండి అన్నా. వద్దంటే వాళ్లెదుటే డిలీట్ చేస్తాను. ఫోన్‌లో క్లిక్ శబ్దం ఆపేయండి.

గోదారి గట్టు: రేవులో అది చెల్లుతుందేమో గానీ లైబ్రరీలో తప్పు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట ముందే అడగాలి. అడిగాక కెమెరా ఒళ్లో పెట్టుకుని మనమూ ఓ పుస్తకం తెరిచి కూర్చుంటే, కాసేపటికి మనల్ని మర్చిపోతారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలైతే ఇంకా త్వరగా.

పాలకొల్లు మాస్టారు: ఆంద్రే కెర్టెష్ ఫోటోలు చూడండి. బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్, న్యూయార్క్‌లలో స్థిరపడినాయన. 1915లో హంగేరీలోని ఎస్టెర్‌గోమ్‌లో ఒకే పుస్తకం మీద వంగిన ముగ్గురు పిల్లల్ని తీశారు. తర్వాత యాభై ఏళ్లకు పైగా చదివేవాళ్లని తీస్తూనే ఉన్నారు, 1971లో అవి పుస్తకంగా వచ్చాయి. చాలావాటిని మేడల మీద నుంచి, కిటికీల్లోంచి తీశారు. పైనుంచి తీస్తే ముఖం కనపడక్కర్లేదు. వంగిన మెడ, పేజీ మూల పట్టుకున్న వేళ్లు చాలు. మన మేడ మీద నుంచి కాలవగట్టు అరుగులు ఎలా కనిపిస్తాయో ఒకసారి చూడండి!

అమలాపురం కుర్రాడు: బాగా చెప్పారు మాస్టారూ. మరి వెలుతురు?

పాలకొల్లు మాస్టారు: నీడపట్టున, వసారా అంచున కూర్చున్నవాళ్లని తియ్యి బాబూ. తెల్లకాగితం వెలుతుర్ని ముఖం మీదకి తిప్పికొడుతుంది, వేరే లైటు అక్కర్లేదు. కొబ్బరి చెట్ల కింద మాత్రం ముఖమంతా ఎండమచ్చలు పడతాయి. పేజీ మరీ తెల్లగా ఉంటే కెమెరా ఫోటో మొత్తాన్ని చీకటి చేసేస్తుంది. ఫోన్ అయితే పేజీ మీద కాదు, ముఖం మీద వేలితో నొక్కు. కళ్లజోడు మెరిస్తే ఓ అడుగు పక్కకి జరుగు.

నరసాపురం అక్క: పిల్లల ఫోటోలైతే వాళ్లమ్మానాన్నల్ని అడగకుండా ఎక్కడా పెట్టకండి. ముఖం కనపడకపోయినా సరే. యూనిఫాం చూస్తే ఏ బడో తెలిసిపోతుంది.