ఫొటోవాక్‌కి గుంపుగా వెళ్తే నిజంగా ఫొటోలు వస్తాయా?

కొత్తగూడెం_క్లిక్:
అందరికీ నమస్తే. ఉద్యోగం మీద ఈమధ్యే హైదరాబాద్ వచ్చాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీఎస్ఎల్ఆర్, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. ఊళ్ళో పొలాలు, చెరువు, మా అమ్మమ్మ ఫొటోలు బాగానే తీసేవాణ్ణి. ఇక్కడ రోడ్డు మీద కెమెరా బయటికి తీయాలంటేనే టెన్షన్. వచ్చే ఆదివారం పొద్దున ఒక గ్రూపు వాళ్ళు చార్మినార్ దగ్గర ఫొటోవాక్ (అందరూ కలిసి నడుస్తూ ఫొటోలు తీయడం) పెడుతున్నారు. మనిషికి 500 అంట. డబ్బుకి తగ్గట్టు ఉంటుందా? తెలియనివాళ్ళని ఫొటో తీసేముందు ఏమని అడుగుతారు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాతబస్తీ_పావురం:
వెళ్ళు తమ్ముడూ. ఆ భయం పోవడానికైనా ఒకసారి వెళ్ళాలి. పక్కన పదిమంది కెమెరాలు పట్టుకుని ఉంటే మనవైపు ఎవరూ ప్రత్యేకంగా చూడరు.

ఆరు లోపే అక్కడ ఉండు. చార్మినార్‌కి నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు కాబట్టి ఏ వేళలోనైనా ఏదో ఒక వైపు వెలుతురు పడుతుంది. లాడ్‌బజార్ వైపు నుంచి చూస్తే పొద్దున సూర్యుడు మీనార్ల వెనక ఉంటాడు, నల్లటి ఆకారం మాత్రమే వస్తుంది. అందరూ అక్కడే గుమిగూడతారు. నన్నడిగితే గుల్జార్ హౌజ్ వైపు వెళ్ళు. అక్కడినుంచి వెలుతురు పక్కనుంచి పడి గచ్చు నగిషీలన్నీ లేచి కనిపిస్తాయి. నీ 18 ఎంఎంలో పూర్తి కట్టడం, కింద రోడ్డు, తోపుడుబండ్లు అన్నీ పడతాయి. తర్వాత మక్కా మసీదు ముంగిట్లో పావురాలు.

గాజుల దుకాణాలు మాత్రం ఆ టైమ్‌కి తెరవరు. షట్టర్లే దొరుకుతాయి. లక్క గాజులు చేసేవాళ్ళని తీయాలంటే మళ్ళీ పగలు వెళ్ళాలి, అదీ గుంపుతో కాదు. చిన్న గదిలో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్కని కరిగించి చుట్టే పని అది. ఇరవై మంది దూరితే ఆయన పని చేసుకునేది ఎక్కడ? హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ (ఫలానా చోటి ప్రత్యేక వస్తువు అనే) గుర్తింపు వచ్చాక కెమెరాల తాకిడి ఇంకా పెరిగింది.

ట్రైపాడ్ తీసుకెళ్ళకు. చార్మినార్, గోల్కొండ పురావస్తు శాఖ కింద ఉన్నాయి, చేత్తో పట్టుకుని తీస్తే ఏమనరు, ట్రైపాడ్‌కి మాత్రం ముందే అనుమతి ఉండాలి. సెక్యూరిటీ వాళ్ళతో వాదన పెట్టుకుంటే ఆ పొద్దంతా అక్కడే అయిపోతుంది.

హార్బర్_వైజాగ్:
నాకు గ్రూపుల వల్ల జరిగిన మేలు ఒకటే, కానీ పెద్దది. తెల్లవారుజామున ఆడపిల్ల ఒక్కతీ కెమెరాతో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకునేవారు కాదు. గ్రూపుతో అంటే ఒప్పుకున్నారు. ఇప్పుడు అక్కడ చేపలమ్మే అక్కలందరూ తెలుసు, ఇంకో ఫ్రెండ్‌ని తోడు తీసుకుని వెళ్ళిపోతున్నా.

అడగడం గురించి: హార్బర్‌లో వేలం జరిగేటప్పుడు వాళ్ళకి ఒక్కో నిమిషం డబ్బే. దారికి అడ్డంగా నిలబడి ఫోకస్ చేసుకుంటుంటే తిట్టకేం చేస్తారు? ముందు ఒక పక్కన నిలబడి కాసేపు చూడాలి. వేలం అయ్యాక, "అక్కా, ఒక ఫొటో తీసుకోనా" అంటే చాలామంది నవ్వుతారు, కొందరు కొంగు సర్దుకుంటారు. వద్దంటే వద్దు, బతిమాలకూడదు. పెద్దవాళ్ళ పక్కన లేని చిన్నపిల్లల్ని అసలు తీయను.

ఇంకో మాట. వైజాగ్‌లో నేవీ గోడలు, గేట్లు, యుద్ధనౌకల వైపు లెన్స్ తిప్పొద్దు. బోర్డులు ఊరికే పెట్టలేదు.

ఓరుగల్లు_ఫ్రేమ్:
నేను కొంచెం వేరుగా అంటాను. అడిగి తీస్తే అందరూ చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని, పాస్‌పోర్ట్ ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతారు. ఆ క్షణం పోతుంది. నేను ముందు తీస్తాను. తీసినవెంటనే దగ్గరికెళ్ళి స్క్రీన్ చూపిస్తాను. వద్దంటే వాళ్ళ ముందే డిలీట్ చేస్తాను. బాగుందంటే నంబర్ తీసుకుని వాట్సాప్‌లో పంపిస్తాను.

హార్బర్_వైజాగ్:
పంపేవాళ్ళు ఎంతమంది బ్రదర్? మీరు పంపుతారేమో. "పంపిస్తాం" అని చెప్పి వెళ్ళినవాళ్ళ గురించి మా అక్కలు ఇప్పటికీ ఎద్దేవా చేస్తారు. అయినా మగవాళ్ళు మగవాళ్ళని అలా తీయడం వేరు, పనిలో ఉన్న ఆడవాళ్ళని తెలియకుండా తీయడం వేరు.

ఓరుగల్లు_ఫ్రేమ్:
రెండో మాట ఒప్పుకుంటా. మొదటిది... నేను పంపుతానండి బాబూ!

చెరువుగట్టు_గుంటూరు:
పక్షుల కోసమైతే గుంపు మాట మర్చిపోండి. ఇద్దరు, ముగ్గురు చాలు.

మాకు దగ్గర్లో ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో నీళ్ళ మధ్య తుమ్మచెట్లు, వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. గట్టు మీంచి చెట్లు దగ్గరే కాబట్టి 70-300 లెన్స్‌తోనే మంచి ఫొటోలొస్తాయి, లక్షలు పెట్టే లెన్స్ అక్కర్లేదు. ఎగిరే పక్షికి షట్టర్ స్పీడ్ సెకనులో 1/1600 వంతు దాకా పెట్టండి. వాలి ఉన్నదానికి 1/500 సరిపోతుంది. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచీలోకి తల మొత్తం దూర్చి తింటుంది, ఆ ఫొటో కోసం ఓపిగ్గా కూర్చోవాలి.

ఒకసారి ఎక్కడినుంచో ఒక గ్రూపు వచ్చింది. ఎగురుతున్న ఫొటో కావాలని వాళ్ళలో ఒకడు గట్టిగా చప్పట్లు కొట్టాడు. గూళ్ళ మీద కూర్చున్నవన్నీ ఒక్కసారిగా లేచాయి. అవి తిరిగి వచ్చేలోపు కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, లేకపోతే చిన్నపిల్లలు ఎండకి వడలిపోతాయి. ఊరి పెద్దాయన ఒకరు కర్ర పట్టుకుని వచ్చేసరికి అందరూ కారెక్కారు. ఆ పక్షుల్ని ఇన్నాళ్ళూ కాపాడుకుంటూ వచ్చింది ఆ ఊరివాళ్ళే, వాళ్ళకి కోపం రాదా?

నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళినా ఇదే పద్ధతి. ఫోన్లో పక్షి కూత వినిపించి పిలవడం, గూటి మీద ఫ్లాష్ కొట్టడం, ఫొటోకి అడ్డమని కొమ్మలు విరవడం వద్దు. గూడు కచ్చితంగా ఎక్కడుందో ఇన్‌స్టాలో లొకేషన్ పెట్టడం కూడా.

కొత్తగూడెం_క్లిక్:
చాలా థ్యాంక్సండీ. మరి 500 సంగతి ఎవరూ చెప్పలేదు :) డ్రోన్ ఉన్న ఫ్రెండ్ కూడా వస్తానంటున్నాడు.

పాతబస్తీ_పావురం:
డ్రోన్ ఇంట్లో పెట్టి రమ్మను. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూసుకోకుండా నగరంలో ఎక్కడా ఎగరేయకూడదు. 250 గ్రాముల లోపుదైతే ఏం ఫర్వాలేదని కొందరంటారు. దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదంతే, ఎగరేయడం నిషేధమైన రెడ్ జోన్‌లో అదీ కుదరదు.

ఓరుగల్లు_ఫ్రేమ్:
500 గురించి నేను చెప్తా. డబ్బు కట్టేముందు వాళ్ళని రెండే అడుగు. ఎంతమంది వస్తున్నారు? నడక అయ్యాక కూర్చుని ఫొటోలు చూస్తారా? పన్నెండు మంది దాటితే అది ఊరేగింపు. నేను వెళ్ళిన ఒకదాంట్లో నలభై మందికి పైనే వచ్చారు. నడిపించేవాడు ఎక్కడున్నాడో చివరిదాకా తెలియలేదు. ఆఖర్న బ్యానర్ పట్టుకుని గ్రూప్ ఫొటో, అయిపోయింది.

ఒక ఉచిత వాక్‌లో మాత్రం, నడక అయ్యాక ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ ఐదేసి ఫొటోలు ఎంచుకోమన్నారు. ఆ ఎంచుకోవడంలోనే సగం చదువు. ఒకే సందులో నడిచాం, ఒకే గోడ చూశాం. ఒకమ్మాయి ఫోన్‌తో ఆ గోడ మీద ఆరేసిన చీర నీడని తీసింది. మా కెమెరాల్లో అది లేదు! రెండోసారి ఒంటరిగా అదే సందుకి వెళ్ళాను. నాకు నచ్చిన ఫొటోలన్నీ ఆ రెండోసారివే.

హార్బర్_వైజాగ్:
అదే నా లెక్క కూడా. గ్రూపుతో చోటు తెలుసుకోవాలి, ఫొటోలకి మళ్ళీ వెళ్ళాలి.

పాడేరు_పొగమంచు:
ఆలస్యంగా చూశాను. చలికాలంలో లంబసింగి, వంజంగి వచ్చే గ్రూపులకి నా తరఫున నాలుగు మాటలు.

మంచుని ఆటోలో తీస్తే బూడిదరంగులో వస్తుంది. కెమెరా తెల్లటిదాన్ని చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. కెమెరాలో ఎక్స్‌పోజర్ (వెలుతురు పాళ్ళు) ప్లస్ ఒకటి పెట్టండి, తెల్లగా వస్తుంది. ఆటోఫోకస్ అటూ ఇటూ తిరుగుతుంటే చెట్టు మొదలో, మనిషి అంచో పట్టుకోండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రెండోది లోపలి జేబులో పెట్టుకోండి. కిందికి దిగి వెచ్చటి కార్లో ఎక్కేటప్పుడు కెమెరా బ్యాగులోనే ఉంచి జిప్ వేసెయ్యండి, లేకపోతే లెన్స్ మీద చెమ్మ పడుతుంది.

వంజంగి కొండ మీదకి ఆదివారం రావద్దు. మేఘాల సముద్రం కనిపించేలోపు మనుషుల తలలే సముద్రంలా కనిపిస్తాయి. మంగళవారమో బుధవారమో చీకటి ఉండగానే ఎక్కండి. చిప్స్ కవర్లు కిందికి తీసుకెళ్ళండి, మేం ఏరలేకపోతున్నాం.

చెరువుగట్టు_గుంటూరు:
మా దగ్గర సమస్య చెమ్మ కాదు, బూజు. తీరంవైపు ఉన్నవాళ్ళు లెన్స్‌ని తోలు కవర్లో పెట్టి బీరువాలో దాచొద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, జెల్ రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఒకసారి బూజు పడితే బాగుచేయించడానికి లెన్స్ ధరలో సగం అడుగుతారు.

కొత్తగూడెం_క్లిక్:
గ్రూపుకి ఫోన్ చేశాను. పద్నాలుగు మందేనంట, నడక అయ్యాక టీ దగ్గర ఫొటోలు చూస్తామన్నారు. కట్టేశాను. ఆఖరి ప్రశ్న: 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొనుక్కుని వెళ్ళనా?

పాతబస్తీ_పావురం:
ఇప్పుడొద్దు. నీ కెమెరాలో సెన్సర్ చిన్నది కాబట్టి 50 పెడితే దాదాపు 75, 80 లాగా దగ్గరైపోతుంది. మా సందుల్లో వెనక్కి జరగడానికి చోటుండదు, వీపుకి గోడ తగులుతుంది. 18-55 చాలు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఈ ఊరిని తీశాడు, నీ చేతిలో ఉన్నది దానికంటే చాలా ఎక్కువ. నీడలో ఐఎస్ఓ (వెలుతురుని పట్టే సున్నితత్వం) 1600 దాకా భయపడకుండా పెంచు, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే రా (RAW) ఫార్మాట్‌లో తియ్యి. కార్డ్ ఖాళీ చేసుకుని రా.

మెట్రోని నమ్ముకోకు. ఆదివారం మొదటి బండెక్కి ఎంజీబీఎస్‌లో దిగి ఆటో పట్టుకునేసరికి మంచి వెలుతురు సగం అయిపోతుంది. బైక్ ఉంటే బైక్ మీద రా, పార్కింగ్‌కి ఆ టైమ్‌లో ఇబ్బంది లేదు. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో చాయ్ నా ఖాతాలో.