సుగ్గికి పోయే పిల్లలున్న బడిలో టీచరు పనిని దేంతో కొలవాలి?

ప్రశ్న: ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు), ఆదోని వైపు
మూడు నుంచి ఐదు దాకా మూడు తరగతులూ నా చేతిలోనే. సంక్రాంతి దాటాక మా ఊళ్లో ఇళ్లకు తాళాలు పడతాయి. మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోతూ పిల్లల్నీ వెంట తీసుకెళ్తారు. పోయినేడు నా 31 మందిలో 12 మంది ఉగాది దాకా బడి మొహం చూడలేదు. సరిగ్గా అప్పుడే తనిఖీకి ఒక అధికారి వచ్చారు. పాఠ్య ప్రణాళిక, హాజరు పట్టీ, వర్క్‌బుక్కుల్లో ఎర్ర సిరా చూశారు. ఒక్క పిల్లనైనా లేపి చదివించలేదు. ఏప్రిల్‌లో మార్కులు తక్కువని మెమో వచ్చింది. జూన్‌లో అక్షరాలే రాని పిల్ల, సుగ్గికి పోయేనాటికి ఒత్తులతో సహా కథ చదివింది. అది ఏ గడిలోనూ పడలేదు. తనిఖీ వద్దనడం లేదు, నా పని చూడమంటున్నా. మీ మండలాల్లో ఎలా చూస్తున్నారు?

రిటైర్డ్ హెచ్ఎం, అనంతపురం
అమ్మా, ఇలా చూడడం మన దగ్గర జరిగిందే. ఉమ్మడి రాష్ట్రంలో 2005 నుంచి పల్లె ప్రాథమిక బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం నడిపారు. ఏడాది మొదట్లో పిల్లలకొక పరీక్ష, చివర్లో ఒకటి. పెరిగినదాన్ని బట్టి టీచర్లకు బోనస్. అదీ సగటున ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో, తెలుగులో ముందుకెళ్లారు. టీచర్ల హాజరు మాత్రం మారలేదు. వచ్చిన రోజు చేసే పని మారింది. అందుకే ఫోన్లో మొహం చూపించే హాజరుతో టీచరును తూచాలంటే నేనొప్పుకోను.

ఎస్జీటీ, ప్రకాశం
అక్కా, బోనస్ అంటేనే నాకు భయం, పరీక్ష కోసమే పాఠం చెప్తాం. మా బడిలో టీచ్ టూల్ పరిశీలన జరిగింది, అంటే తరగతిలో కూర్చుని టీచరు పాఠం చెప్పే తీరు చూడడం. పదిహేనేసి నిమిషాలు రెండుసార్లు కూర్చున్నారు. "ప్రశ్న అడిగి మీరే జవాబు చెప్పేస్తున్నారు, పది లెక్కపెట్టి ఆగండి" అన్నారు. ఇన్నేళ్ల తనిఖీల్లో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే. కానీ మారానో లేదో చూడ్డానికి మళ్లీ ఎవరూ రాలేదు.

ఎస్జీటీ, ఆదోని వైపు
సార్, బడి తెరిచిన వారంలోనే ఒక్కొక్కరితో ఒక పేజీ చదివించి, పలక మీద ఒక తీసివేత చేయిస్తా. సుగ్గికి పోయేముందు మరోసారి, తిరిగొచ్చాక ఇంకోసారి. ఇవన్నీ ఒక పట్టీలో రాసి, పోయిన తేదీ, వచ్చిన తేదీ పక్కనే వేస్తా. ఈసారి వచ్చినవాళ్లకు అది చూపించి, ఏ పిల్లనైనా లేపి చదివించమంటా. చెల్లీ, ఆ పది లెక్కపెట్టడం రేపే మొదలుపెడతా. సార్, ఆ పట్టీ మీద చుట్టుపక్కల బడుల్ని చూసే కాంప్లెక్స్ హెచ్ఎం సంతకం ముందే చేయించుకుంటే మేలా?