ఈమెయిల్ గ్రూపులో ఒక్కొక్కరికి రోజుకు మూడు సందేశాలే అన్న హద్దు సమంజసమేనా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

సాహిత్య చర్చల కోసం నడిచే ఈమెయిల్ గ్రూపుల్లో ఉదయం ఒక వాదం మొదలైతే సాయంత్రానికి ఇన్‌బాక్స్ నిండిపోతోంది. చదవలేక కొందరు సభ్యత్వమే వదులుకుంటున్నారు. ఇలాంటి గ్రూపులను నడిపే లిస్ట్‌సర్వ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రూపు మొత్తానికి రోజువారీ హద్దు ఒకటి, ఒక్కో సభ్యుడికి మరొకటి పెట్టే వీలు ఎప్పటినుంచో ఉంది. మొదటిది ఎవరూ మార్చకపోతే 50గా ఉంటుంది. రెండవదాన్ని మూడుగా పెట్టి అందరికీ ఒకే తీరున అమలు చేయాలని నా ప్రతిపాదన. మూడే అవకాశాలున్నాయని తెలిసినవారు నలుగురికి నాలుగు జవాబులు పంపే బదులు అన్నింటినీ ఒకే లేఖలో, ఆలోచించి రాస్తారు.

ఒక సభ్యురాలు:

మీ ఇబ్బంది నిజమే, కానీ ఈ హద్దు వల్ల అది తీరదు. భారాన్ని తెలుసుకోవాలంటే సందేశాల సంఖ్యను అందుకునేవారి సంఖ్యతో గుణించాలి. రెండు వేల మంది ఉన్న గ్రూపులో ఎవరిదో కొత్త పుస్తకం వచ్చిందని ఇరవై మంది ‘అభినందనలు’ అని అందరికీ పంపితే నలభై వేల ప్రతులు బయలుదేరుతాయి. ఆ ఇరవై మందిలో ఒక్కరూ మీ హద్దు దాటరు. అదే రోజు యతిప్రాసల మీద ఎవరో వేసిన ప్రశ్నకు ఓపికగా ఐదు విడతల్లో సమాధానం చెబుతున్న పెద్దాయన మాత్రం నాలుగో లేఖ దగ్గర ఆగిపోతారు. ఎవరి రాతల కోసం మనం ఆ గ్రూపులో చేరామో, ఈ నియమం ముందుగా వారి నోరే కట్టేస్తుంది.

2016 నవంబరులో ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఈమెయిల్ వ్యవస్థలో ఒక పరీక్షా సందేశం పొరపాటున ఎనిమిది లక్షలకు పైగా ఖాతాలకు వెళ్లింది. దానికి జవాబిచ్చినవారు, ఇక జవాబులు ఆపండని వేడుకున్నవారు కూడా, ‘రిప్లై ఆల్’ నొక్కడంతో వ్యవస్థ మొత్తం మందగించింది. 2020లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 365లో తెచ్చిన రక్షణను చూడండి: ఐదు వేల మందికి పైగా ఉన్న ఒకే సంభాషణలో గంటలోపు పది ‘రిప్లై ఆల్’లు వస్తే, దానికి నాలుగు గంటలపాటు జవాబులు ఆపేలా మొదట అమర్చారు. వారు లెక్కించింది సంభాషణ వేగాన్ని. మనమూ అదే చేయాలి.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

అభినందనల విషయం ఒప్పుకుంటున్నాను. అయితే ఇద్దరే వారం రోజులు వాదించుకుంటే ఏం చేస్తారు? సందేశాలన్నీ కలిపి ఒకే ఉత్తరంగా అందే డైజెస్ట్ పెట్టుకోమని సలహా ఇస్తారు, కానీ ప్రతి జవాబు కిందా పాత ఉత్తరాలన్నీ వేలాడుతుంటే డైజెస్ట్‌లో కొత్త మాట వెతుక్కోవడమే పెద్ద పని.

ఒక గ్రూపు నిర్వాహకుడు:

డైజెస్ట్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజమండి. జవాబులో అవసరమైన వాక్యాలే ఉంచి మిగతావి తీసేయాలని ఇంటర్నెట్‌లో మెలగవలసిన తీరుపై 1995లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 1855 అనే పత్రంలోని మర్యాద సూత్రాలే చెప్పాయి. అయినా ఫోన్‌లో రాసేవారికి ఆ కింద ఏముందో కనిపించదు. అందుకే పాత ఉత్తరాన్ని మొత్తంగా మోసుకొచ్చే సందేశాలను నేను ఆపి, సరిచేసి పంపమని మర్యాదగా అడుగుతున్నాను. శ్రమే, కానీ డైజెస్ట్ చదవగలిగేలా ఉంటోంది.

మీరిద్దరూ ప్రస్తావించని కారణం ఒకటుంది. చాలా గ్రూపుల్లో ‘రిప్లై’ నొక్కితే జవాబు నేరుగా గ్రూపుకే పోయేలా అమర్చి ఉంటుంది. రచయితకు మాత్రమే చేరవలసిన అభినందన అలాగే అందరి దగ్గరికీ వెళ్తుంది. గ్రూపులను నడిపే మరో సాఫ్ట్‌వేర్ మెయిల్‌మన్ రూపకర్తలు జవాబు అసలు సందేశం పంపినవారికే వెళ్లేలా ఉంచమని గట్టిగా సిఫారసు చేశారు. అప్పుడు అందరికీ చెప్పదలచినవారు ‘రిప్లై ఆల్’ ఎంచుకోవాలి. ఆ ఎంపిక దగ్గర కలిగే క్షణకాలపు ఆలోచన చాలు. చర్చ చల్లబడుతుందని భయపడేవారున్నారు, నాకు ఆ భయం లేదు.

ఇక ఆ ఇద్దరి వాదం సంగతి. వారిద్దరి సందేశాలు మాత్రమే నా పరిశీలన తర్వాత వెళ్లేలా పెట్టగలను, మరీ ముదిరితే మెయిల్‌మన్‌లోని అత్యవసర నియంత్రణతో గ్రూపు మొత్తాన్నీ కొద్ది గంటలు ఆపగలను. ఇద్దరి కోసం మిగతా అందరికీ రేషన్ పెట్టడం న్యాయం కాదు. ముందు ‘రిప్లై’ అమరిక మార్చి ఒక నెల చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే ఒకే శీర్షిక కింద ఒకరికి రోజుకు రెండు జవాబులన్న నియమాన్ని నేనే ప్రతిపాదిస్తాను, దాన్ని చేత్తో లెక్కపెట్టుకోవలసి వచ్చినా సరే.