ఆఫీసులో విశ్వాసం నోటితో చెప్పాలా, పనితో చూపిస్తే సరిపోతుందా?

గుడారం:
అందరికీ వందనాలు. పోయిన వారం మా పట్టభద్రుల సహవాసంలో ప్రసంగీకుడు ఒక మాట అన్నారు. ఉద్యోగంలో చేరి ఏళ్లు గడిచినా పక్క సీటు మనిషికి క్రీస్తు గురించి ఒక్క మాట చెప్పని విశ్వాసి, ఆయన్ని గురించి సిగ్గుపడుతున్నట్టే అని. అప్పటినుంచీ ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు (అపొస్తలుల కార్యములు 18:3). కొలొస్సయులకు 3:23లో ఏం చేసినా ప్రభువు కోసమన్నట్టు మనసుపెట్టి చేయమని చెప్పింది బోధకులకు కాదు, యజమానుల కింద చాకిరీ చేసే దాసులకు. అంటే ఆ చాకిరీకే దేవుడి దగ్గర విలువ ఉంది కదా. పన్ను వసూలుదారులు, సైనికులు వచ్చి మేమేం చేయాలి అని అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానేయమనలేదు, ఆఫీసులో ప్రకటించమనీ అనలేదు. ఎక్కువ వసూలు చేయొద్దు, ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు (లూకా 3:12-14). నా లెక్కలో నిజాయితీగా, శ్రద్ధగా పనిచేయడమే మన సాక్ష్యం. మీరేమంటారు?

ఉప్పురాయి:
వందనాలు బ్రదర్. మీరు చెప్పిన వాక్యాలు కాదనను, కానీ మీరు వదిలేసినవి కూడా ఉన్నాయి. వినకపోతే ఎలా నమ్ముతారు అని రోమా 10:14 అడుగుతోంది. మీ నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని 1 పేతురు 3:15 చెబుతోంది. శ్రద్ధగా పనిచేసేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు, ఏ మతమూ లేనివాళ్లలోనూ ఉన్నారు. మీరు నోరు తెరవకపోతే వాళ్లు మెచ్చుకునేది మిమ్మల్ని, మీ ప్రభువుని కాదు. దానియేలును చూడండి. రాజుకు తప్ప ఇంకెవరికీ ప్రార్థన చేయకూడదన్న శాసనం మీద సంతకం పడిందని తెలిసి కూడా కిటికీలు తెరిచి ఉండగానే రోజుకు మూడుసార్లు మోకరించాడు (6:10). మన చదువుకున్నవాళ్లు మాత్రం ఆఫీసు గుమ్మంలోనే కిటికీలు మూసేసి లోపలికి వెళ్తున్నారు. దానికి వృత్తి ధర్మం అని పేరు పెడుతున్నారు.

తూనిక:
దానియేలు ప్రార్థన చేసింది ఇంట్లో. అదే వచనంలో ఉంది, ఇంకోసారి చదవండి. తన యింటి పై గదిలో. రాజు కొలువులో అతను ఎలా ఉన్నాడో 6:4లో ఉంది. శత్రువులు ఎంత వెతికినా అతని పనిలో ఒక్క తప్పు దొరకలేదు.
నేను అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. అక్కడొక విశ్వాసి ఉండేవారు. టేబుల్ మీద వాక్యం ఫ్రేము, పొద్దున్నే గ్రూపులో ఒక వచనం. నెలాఖరున పుస్తకాలు ముగించే రోజున మాత్రం ప్రార్థన కూడిక ఉందని ముందే వెళ్లిపోయేవారు, ఆయన ఓచర్లన్నీ నేనూ ఇంకో అమ్మాయీ రాత్రిదాకా కూర్చుని సరిచూసేవాళ్లం. ఆ ఓచర్లలోనే ఆయన చేయని ప్రయాణాలకు పెట్టిన బిల్లులు కనపడ్డాయి. ఆ తర్వాత నేను కూడా క్రైస్తవురాలినని చెబితే ఆ అమ్మాయి ఏమందో తెలుసా? "ఆయనలాగానా?" అంది. ఆ ప్రశ్నకు ఏ కరపత్రం జవాబు చెబుతుంది బ్రదర్?

నెమ్మది:
రెండూ కావాలి కదా. ఒకటి చేసి ఇంకొకటి మానమని ఎక్కడుంది?

కొత్తకొలువు:
వందనాలు అన్నయ్యలూ, అక్కయ్యలూ. ఈ మధ్యే చదువు ముగించి ఉద్యోగంలో చేరాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. టైమ్ లేదని కొన్ని టెస్టులు రన్ చేయలేదు. మా లీడ్ షీట్‌లో వరసలన్నీ 'పాస్' అని పెట్టేయమన్నారు, అన్నీ ఆకుపచ్చగా ఉంటేనే క్లయింట్‌కు పంపిస్తారట, కింద పేరు నాది. అందరూ ఇలాగే చేస్తారని చెబుతున్నారు. ప్రొబేషన్‌లో ఉన్నాను, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

ఉప్పురాయి:
సిస్టర్, ఒకాయన చేసిన తప్పుకు సువార్త అంతటినీ బోనులో నిలబెట్టకండి. ఇక కిటికీ సంగతి. ఇల్లే, సరే. కానీ ఆ కిటికీ తెరిచి ఉంది కాబట్టే ఆ మనుషులు గుంపుగా వచ్చి పట్టుకోగలిగారు. చూసేవాళ్లున్నారని అతనికి తెలుసు. మూసుకుని ప్రార్థించినా దేవుడు వినేవాడే, అయినా మూయలేదు. నేను అంటున్నది అదే.

తూనిక:
శాసనం వచ్చాక కొత్తగా తెరవలేదు. "ఎప్పటిలాగానే" చేశాడని ఉంది. చూపించడానికి చేయలేదు, అలవాటు మార్చుకోలేదు. రెండింటికీ తేడా ఉంది.

గుడారం:
ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. ఆఫీసు సమయానికి జీతం తీసుకుంటున్నాం, ఆ గంటల్లో సువార్త చెబితే అది యజమాని సొమ్ము వాడుకున్నట్టే. భోజన విరామం మనది, అప్పుడు ఎవరైనా అడిగితే తప్పకుండా చెబుదాం. మేనేజరుగా ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎవరి అప్రైజల్ మన చేతిలో ఉందో ఆ మనిషి మన మాట విన్నాడంటే ఇష్టపడి విన్నాడో, కాదనలేక విన్నాడో మనకెలా తెలుస్తుంది? ఉప్పురాయి గారు చెప్పిన 3:15లోనే సాత్వికంతో, భయంతో అనే మాటలు కూడా ఉన్నాయి.

ఉదయతార:
బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ గుర్తొస్తున్నాడు. 1785లో మారుమనసు పొందాక పార్లమెంటు వదిలేసి పరిచర్యలోకి వెళ్లాలా అని సతమతమయ్యాడు. ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్‌గా చేసి తర్వాత బోధకుడైన జాన్ న్యూటన్ దగ్గరికి వెళ్తే, ఉన్నచోటే ఉండమన్నాడు. ఉన్నాడు కాబట్టే 1807లో బ్రిటన్‌లో బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. అతను నోరు మూసుకుని మంచి పని చేసుకుపోయిన మనిషి కాదు, అలాగని కనపడినవాళ్లకల్లా వాక్యం చెప్పి సభ నడిపినవాడూ కాదు. అబద్ధం ఎక్కడుందో అక్కడ, అదే సభలో, ఏటా లేచి మాట్లాడాడు. మనం ఆఫీసులో మాట్లాడటం అనగానే సువార్త చెప్పడం ఒక్కటే ఎందుకు అనుకుంటున్నాం?

ఉప్పురాయి:
సామాజిక న్యాయం సువార్త కాదు. అది సువార్త ఫలం. చెట్టును వదిలేసి ఫలం కోసం వెతుకుతున్నారు.

ఉదయతార:
1974లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో లోకమంతటి నుంచి సువార్తికులు కూడి ఒక నిబంధన రాసుకున్నారు. సువార్త ప్రకటన, సామాజిక బాధ్యత ఒకటే కాకపోయినా రెండూ క్రైస్తవుడి విధిలో భాగమే అని అందులో ఉంది. మీరు ఒకదాని కింద ఇంకోదాన్ని పెడుతున్నారు.

ఉప్పురాయి:
నేను నిబంధనలు చదివి విశ్వాసిని కాలేదు సిస్టర్. మా ఇంట్లో నేనే మొదటివాణ్ణి. మా సెక్షన్‌లో ఒక గుమాస్తా నాకు చెప్పాడు కాబట్టి ఇవాళ ఇక్కడున్నాను. పనిలో ఆయన అంత గొప్పవాడేం కాదు, ఫైళ్లు ఎప్పుడూ ఆలస్యమే. మీలాగే పనితో చూపిస్తే చాలనుకుని ఉంటే నా సంగతేమయ్యేది? చదువుకున్నవాళ్లకు మర్యాద పోతుందేమోనన్న భయం ఎక్కువ. ఆ భయానికి వాక్యాలు కప్పుతున్నారు. కటువుగా ఉన్నా నేను చూసింది ఇదే.

తూనిక:
భయమా? సరే, చెబుతాను. తర్వాతి ఉద్యోగంలో సరుకు రాకుండానే వచ్చినట్టు బిల్లు పాస్ చేయమన్నారు. నేను విశ్వాసిని, అబద్ధం మీద సంతకం పెట్టలేను అని నోటితోనే చెప్పాను. మీరు అడిగే ఆ నోటితోనే. ఉద్యోగం పోయింది. ఆదివారం ఆరాధనలో నా కొత్త ఉద్యోగం కోసం ప్రార్థన చేశారు, బయటికొచ్చాక సంఘ పెద్ద ఒకాయన పక్కకు పిలిచి "కొంచెం తెలివిగా సర్దుకుపోవాల్సిందమ్మా" అన్నారు. వేదిక మీద దానియేలు, గుమ్మం దగ్గర సర్దుబాటు! ఖాళీగా ఉన్నన్నాళ్లూ సహవాసం నుంచి ఫోన్ చేసి ఎలా గడుస్తోంది అని అడిగినవాళ్లు లేరు. ఉద్యోగం దొరికిన నెల మాత్రం సంఘానికిచ్చే దశమభాగం కవరు గుర్తుచేశారు.
పైన ఒక పిల్లాడు ఏం చేయాలో చెప్పమని అడిగి ఎంతసేపైంది? చదువుకున్న విశ్వాసులం ఇంతమందిమి కిటికీ గురించి కొట్టుకుంటున్నాం. నాకు మీతో నోటి దగ్గర పేచీ లేదు. ధైర్యంగా ఉండమని చెప్పేవాళ్లు, ఆ ధైర్యానికి అయ్యే ఖర్చును ఒక్కరి మీదే వదిలేస్తున్నారు. నా పేచీ అక్కడ.

నెమ్మది:
మా అన్నయ్య విషయంలోనూ ఇదే జరిగింది. మందిరానికి రావడం మానేశాడు.

ఉప్పురాయి:
ఆ పెద్ద మీతో అన్నది తప్పు సిస్టర్. ఆయన తరఫున నేను సంజాయిషీ చెప్పను. నోటితో చెప్పాలన్న మాట మీద నేను కదలను, కానీ చెప్పినవాళ్లను మోయడం సంఘం పని అన్నది ఒప్పుకుంటాను. అహాబు రాజు కొలువులో ఉన్న ఓబద్యా, రాణి యెజెబెలు ప్రవక్తలను చంపిస్తుంటే నూరుమందిని గుహల్లో దాచి అన్నం పెట్టాడు (1 రాజులు 18:4). జీతం బాగా వస్తున్నవాళ్లు చేయాల్సింది అది.

గుడారం:
అలాగైతే మన సహవాసంలో దానికోసం విడిగా కొంత పక్కన పెడదాం. నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లకు ఇంకోటి దొరికేదాకా. వచ్చే కూడికలో నేను ఎత్తుతాను, తూనిక సిస్టర్ కూడా వచ్చి మాట్లాడాలి.

తూనిక:
వస్తాను. పెద్దలు కూడా కూర్చుంటేనే.
తమ్ముడూ కొత్తకొలువు, రన్ చేయని వాటికి 'పాస్' పెట్టొద్దు. 'రన్ చేయలేదు' అని పెట్టి, పక్కన కారణం రాయి, సమయం చాలలేదు అని, అది నిజమే కదా. మిగిలినవి ముగించడానికి ఎంత సమయం కావాలో కూడా రాయి. మీ లీడ్‌ను అందరి ముందు నిలదీయకు, విడిగా మాట్లాడు. మాట్లాడింది మెయిల్‌లో కూడా పెట్టు, రేపు తప్పు నీ మీదకు తోస్తే అది ఉంటుంది.

కొత్తకొలువు:
అక్కా, మార్చాలంటే రేపు పొద్దున్న పదిలోపే మార్చాలి. వాళ్లు ఒప్పుకోకపోతే?

ఉప్పురాయి:
తొమ్మిదింటికి నాకు ఫోన్ చెయ్యి బాబూ. నంబరు ప్రైవేటుగా పంపించాను. నీ రెజ్యూమే కూడా పంపించు, తెలిసినవాళ్లతో ఇవాళే మాట్లాడి ఉంచుతాను.