జూలో పెంచి వదిలితే రెల్లుకప్ప దక్కుతుందా?

శ్రీనివాస్: పికర్స్‌గిల్ రెల్లుకప్ప దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ తీరంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. జొహానెస్‌బర్గ్ జూలో వాటిని పెంచి, 2018లో డర్బన్ దగ్గర మౌంట్ మోర్‌లాండ్ చిత్తడిలో వదిలారు. ఆ డబ్బేదో మడుగుల మీదే పెట్టాల్సిందని నా వాదన. పల్లపు నేలల్లో నీళ్లు తోడేసి చెరకు వేశారు, పక్కన జామాయిల్ పెంచారు, మిగిలినచోట ఇళ్లు లేచాయి. నీళ్లు లేనిచోట కప్పను వదిలి ఏం లాభం?

లక్ష్మి, డర్బన్: శ్రీనివాస్ గారూ, కప్ప తగ్గిపోవడానికి కారణాలు మీరు చెప్పినవే. ఆ చెరకు తోటల్లో 1860 నుంచి కూలికి వచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, అందుకే నాకిది పరాయి సంగతి అనిపించదు. కానీ ఒక్కసారి ఆ కప్ప బతుకు చూడండి. మూడు సెంటీమీటర్లు ఉంటే గొప్ప. మగది గోధుమరంగు, పక్కల వెంట లేత చార. ఎదిగిన ఆడది లేత చిగురు పచ్చన. నీటి పైకి వంగిన తుంగ ఆకులకు జిగురు ముద్దలా గుడ్లు పెడుతుంది. గుడ్లు చిట్లాక తోకకప్పలు ఆకు మీంచి నీళ్లలోకి జారిపడాలి. కింద నీళ్లు లేకపోతే అంతే. ఇంత చిన్న ప్రాణి హైవే దాటి, చెరకు దాటి ఇంకో మడుగుకి ఎలా వెళ్తుంది? ఒక మడుగులో కప్పలు లేకుండా పోయాక, మళ్లీ నీళ్లు నింపినా కప్ప తనంతట తాను రాదు. ఎవరో ఒకరు తెచ్చి వదలాల్సిందే.

రమణ: లక్ష్మిగారూ, మడుగులో నిజంగా ఒక్క కప్పా మిగల్లేదని తేల్చేదెలా? దీని కూత కీచురాయి శబ్దంలా సన్నగా, ఆగి ఆగి వస్తుంది. మిగతా కప్పల గోలలో వినపడదు. 2010లో దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టారు. తర్వాత వెతికితే కొత్త చోట్ల దొరికింది, ప్రమాదస్థాయి ఒక మెట్టు తగ్గించారు. నా ఓటు రాత్రిళ్లు చెవులు రిక్కించి వెతికేవాళ్లకే.

లక్ష్మి, డర్బన్: వెతకాల్సిందే రమణగారూ. కానీ దొరికిన మడుగులు చాలావరకు చిన్నవి, ఒకదానికొకటి దూరం. ఒక్క బిల్డర్ మట్టి పోయిస్తే ఒక గుంపంతా పోతుంది. అప్పుడు జూలో ఉన్నవే దిక్కు.

శ్రీనివాస్: తెగిపోయిన మడుగుల సంగతి నేను ఆలోచించలేదు, లక్ష్మిగారి మాట ఒప్పుకుంటున్నాను. అయినా వరస మార్చొద్దు. ముందు జామాయిల్ కొట్టి, నీళ్లు తోడేసే కాలువలు పూడ్చి, తుంగ మొలిచేదాకా ఆగాలి. కప్పలు ఆ తర్వాతే.