గ్లూకోజ్‌లో ‘ఓజ్’ ఎక్కడిది?

ఇందిరానగర్, బెంగళూరు: ఇంటర్‌లో మా కెమిస్ట్రీ సార్ “గ్లూకోజ్‌లో ఉన్నది మన ఓజస్సేరా” అని, వెంటనే ఒక పద్యపాదం చదివేవారు. మాట గుర్తుంది, పద్యం పోయింది. షుగర్ రిపోర్టు చూసినప్పటి నుంచి అదే బుర్ర తినేస్తోంది. ఎవరికైనా తడుతుందా?

మల్లేశ్వరం, బెంగళూరు: ఓజస్సు లేదు, ఏమీ లేదు. 1838లో డ్యూమా, గే-లుసాక్ అనే రసాయనవేత్తలు ఉన్న ఫ్రెంచి కమిటీ పెట్టిన పేరది. గ్రీకులో గ్లెవ్‌కోస్ అంటే కొత్త ద్రాక్షసారా. ఆ చివరి ముక్కనే తోకగా కోసి ఫ్రక్టోజ్, మాల్టోజ్ అంటూ చక్కెరలన్నిటికీ తగిలించారు.

మారతహళ్లి: తోకంటే ఎలాగండీ? లాటిన్‌లో ‘ఓసస్’ ఉంది, ‘నిండిన’ అని. మన ‘ధనవంతుడు’లో ‘వంత’ ఉందే, ఆ మతుప్పు ప్రత్యయం లాంటిది.

మల్లేశ్వరం: అయితే రైబోజ్‌లో ఏం నిండిందో చెప్పండి! తుమ్మబంక జాతి గమ్ అరబిక్ నుంచి అరబినోజ్ వచ్చింది. 1891లో జర్మన్ రసాయనవేత్త ఫిషర్ ఆ పేరులోని అక్షరాలే అటూ ఇటూ చేసి రైబోజ్ అన్నాడు. జైలోజ్‌లో మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలు (xyl) తిరగేస్తే లిక్సోజ్ (lyxose). ఇక ధాతువులు వెతుక్కోండి.

టి.నగర్, చెన్నై: సుక్రోజ్‌లో, అంటే మామూలు పంచదారలో, మాత్రం మన వాటా ఉంది. శర్కర, పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, ఫ్రెంచిలో సుక్ర్. శర్కరంటే గులకరాయి కూడా. అదలా ఉంచి, కన్నడానికి సక్కరె అయినది మనకు చక్కెర ఎందుకైంది? నన్ను వేధించేది ఆ ‘చ’.

మల్లేశ్వరం: ప్రాకృతంలో సక్కర. కన్నడిగులు ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు, మనం చెడగొట్టాం.

మారతహళ్లి: చెడగొట్టడమేమిటి? సంస్కృత శష్కులి మనకు చక్కిలం కాలేదా? మీ మల్లేశ్వరంలో కూడా చక్కులి అనే కదా అమ్ముతారు, సక్కులి అనరే!

ఇందిరానగర్: బాగుంది. మరి మా సార్ పద్యం?

మల్లేశ్వరం: కన్నడాన్ని తేలిగ్గా తీసేయకండి. శ్రీనాథుడంతటివాడే “నా కవిత్వంబు నిజము కర్ణాట భాష” అన్నాడు.

టి.నగర్, చెన్నై: అక్కడ కర్ణాటమంటే కన్నడం కాదు సార్, చెవికి ఇంపైనదని.

మారతహళ్లి: కాదు, రాజ్యం పేరు. విజయనగరాన్నే కర్ణాట రాజ్యమనేవారు.

టి.నగర్, చెన్నై: ఆ పద్యమున్న భీమఖండం రాసేనాటికి ఆయనున్నది రాజమహేంద్రవరం రెడ్ల నీడలో. విజయనగరం ఎలా వస్తుంది?

మారతహళ్లి: కర్ణాట సంగతి తర్వాత. ముందు ఆ ‘నిజము’ తేల్చండి. సత్యమనా, స్వంతమనా?