గుడ్లగూబ, బాతు పెళ్ళి సినిమా ఎవరిదో చెప్పగలరా? ఇలాంటివి ఎలా వెతుక్కోవాలి?

హిందూపురం_అక్క:
అందరికీ నమస్తే. మేము బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాం. పోయిన నెల దొమ్మలూరులో ఒకచోట షార్ట్ ఫిలింస్ వేస్తున్నారు, టికెట్ లేదు అని ఆఫీసులో ఒకమ్మాయి చెప్తే మా పాపని తీసుకుని వెళ్ళాను, దానికి తొమ్మిదేళ్ళు. వరసగా ఏడెనిమిది వేశారు. అందులో ఒకటి చూసి మూడు వారాలవుతున్నా మనసులోంచి పోవట్లేదు. ఒక గుడ్లగూబ ఒక అడవి బాతుని పెళ్ళి చేసుకుంటుంది, పిల్లలు పుడతాయి, చలికాలం రాగానే బాతులన్నీ ఎగిరిపోతుంటే అది కూడా వెంట పడుతుంది, ఎగరలేక అలిసిపోతుంది, నీళ్ళ మీద వాలితే తేలలేదు కదా పాపం... అంతే కథ. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు, మనుషులే పక్షుల్లా కూస్తున్నట్టుంది. బొమ్మలు నల్లగా, వెనక నుంచి తెల్లటి వెలుగు, అంచులేమో పొడి రాలుతున్నట్టు కదుల్తున్నాయి. చిన్నప్పుడు మా తాత భుజం మీద కూర్చుని చూసిన తోలుబొమ్మలాట గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాప ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, పడుకునేటప్పుడు మాత్రం "అమ్మా, ఆ బాతు వెనక్కి తిరిగి చూసుంటుందా" అని అడిగింది.

పేరు రాసుకోలేదు, అదే నా బాధ. యూట్యూబ్‌లో యానిమేషన్ షార్ట్ ఫిలిం అని కొడితే అత్తాకోడళ్ళ నీతి కథలు, మెరిసిపోయే ప్లాస్టిక్ బొమ్మల పాటలు, ప్రాంక్ వీడియోలు, ఇవే వస్తున్నాయి. ఎవరో ఒక్కరే ఇంట్లో కూర్చుని ఏళ్ళ తరబడి చేసుకునే ఇలాంటి సినిమాలు మీరంతా ఎక్కడ పట్టుకుంటారు? పాపకి చూపించదగ్గవైతే ఇంకా మంచిది.

వెనక_బెంచీ:
అక్కా, మీరు చూసింది నాకు తెలుసు! 'ది ఔల్ హూ మ్యారీడ్ ఎ గూస్', 1974, చేసినావిడ కెరొలిన్ లీఫ్. కెనడా వాళ్ళ నేషనల్ ఫిల్మ్ బోర్డ్ తీసింది, కథ అక్కడి ఇనుయిట్ జనం చెప్పుకునే కథ, ఆ కూతలు కూడా వాళ్ళే గొంతుతో చేసినవి. మీరు పొడి రాలినట్టుంది అన్నారు చూడండి, అది నిజంగా ఇసుకే. అద్దం కింద లైటు పెట్టి, పైన ఇసుక పోసి, వేళ్ళతో జరుపుతూ ఒక్కో ఫోటో తీశారు.

ఇక ఎలా వెతకాలి అన్నదానికి, నేను పదేళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే. సినిమా నచ్చిందంటే ఇంకో సినిమా వెతకను, అది చేసిన మనిషిని వెతుకుతాను, ఆ మనిషి ఎక్కడ పనిచేసింది, పక్క బల్ల మీద ఎవరు కూర్చున్నారు అని పోతాను. మీ గుడ్లగూబ దగ్గర్నుంచే మొదలెడదాం. లీఫ్ 1976లో 'ది స్ట్రీట్' అని ఇంకోటి చేసింది, అందులో ఇసుక బదులు అద్దం మీద ఆరిపోని రంగు పూసి దాన్నే తుడుస్తూ పూస్తూ పోయింది, ముసలి అమ్మమ్మ చావు గురించి, పాపకి ఇంకొన్నాళ్ళాగి చూపించండి. అదే కాలంలో అదే బోర్డులో మనవాడు ఒకాయన ఉన్నాడు, ఇషు పటేల్, అహ్మదాబాద్‌లో డిజైన్ నేర్పే ఎన్ఐడీ నుంచి వెళ్ళినాయన. ఆయన 'బీడ్ గేమ్' 1977ది, వేల పూసలు, మన ఆడవాళ్ళు దండలు గుచ్చే పూసల్లాంటివే, అవి ఒకదాన్నొకటి మింగుతూ జంతువులై మనుషులై చివరికి యుద్ధాల దాకా పోతాయి, వెనకాల తబలా ఒక్కటే. అయిదారు నిమిషాలే, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. పాపకి ఇది ఈ రోజే చూపించండి.

వాళ్ళందరికీ పెద్ద దిక్కు నార్మన్ మెక్‌లారెన్. 1952లో 'నెయిబర్స్' అని చేశాడు, ఒక పువ్వు కోసం ఇద్దరు పక్కింటి వాళ్ళు కొట్టుకు చస్తారు. మనుషుల్నే బొమ్మల్లాగా ఫ్రేము ఫ్రేముకీ, అంటే ఒక్కో ఫోటోకీ కొంచెం కొంచెం జరిపి తీశాడు, దాన్ని పిక్సిలేషన్ అంటారు. ఇక్కడ్నించి మళ్ళీ ఇండియాకి రండి. 1972లో గవర్నమెంటు సినిమా సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌లో ప్రమోద్ పతి అనే ఆయన ఇదే పద్ధతిలో చిత్రకారుడు ఆబిద్ సూర్తీని గదంతా ఎగిరిస్తూ 'ఆబిద్' అని తీశాడు. గవర్నమెంటు డబ్బుతో అప్పట్లో అంత తిక్క ధైర్యం ఎలా చేయగలిగారో నాకిప్పటికీ ఆశ్చర్యమే. కెనడా వాళ్ళవి చాలావరకు వాళ్ళ సైట్లోనే ఉచితం, ఫిల్మ్స్ డివిజన్‌వి వాళ్ళ యూట్యూబ్ ఛానెల్లో. చూశారా, ఒక గుడ్లగూబని పట్టుకుని పోతే ముంబయిలో తేలాం.

బనశంకరి_బాబాయ్:
తమ్ముడు చెప్పిందంతా బాగుంది గానీ నాది ఒక మాట. ఫోన్లో చూడటం వేరు, చీకట్లో పదిమందితో కూర్చుని చూడటం వేరు, హిందూపురం అమ్మాయికి ఆ గుడ్లగూబ అంతలా పట్టుకుందంటే హాల్లో చూసింది కాబట్టే అని నా నమ్మకం. ఈ ఊళ్ళో ఉంటూ ఇంట్లో కూర్చోవద్దమ్మా. మా బనశంకరిలో సుచిత్ర ఫిల్మ్ సొసైటీ ఉంది, 1971 నుంచి నడుస్తోంది. ఇందిరానగర్‌లో జర్మనీ వాళ్ళ మాక్స్ ముల్లర్ భవన్, వసంతనగర్‌లో ఫ్రాన్సు వాళ్ళ అలియాన్స్ ఫ్రాన్సేజ్, దొమ్మలూరులో బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్, వీళ్ళ మెయిలింగ్ లిస్టుల్లో పేరిచ్చుకుంటే ఏదో ఒకటి తెలుస్తూనే ఉంటుంది. బెంగళూరు ఇంటర్నేషనల్ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ అని ఏటా జరుగుతుంది, దానికి ఆస్కార్ అర్హత కూడా ఉంది, అంటే అందులో మొదటి బహుమతి వస్తే ఆ సినిమా నేరుగా ఆస్కార్ షార్ట్స్ పరిశీలనకి పోవచ్చు. ఇంకా వింతవి కావాలంటే ఎక్స్‌పెరిమెంటా అని ప్రయోగాల సినిమాల పండగ ఉంది, 2003లో షాయ్ హెరేడియా మొదలుపెట్టారు, అందులో కొన్ని నాకు అస్సలు అర్థం కావు, అయినా వెళ్తాను.

మీకు కేఆర్ పురం నుంచి ఇందిరానగర్ పర్పుల్ లైన్లో నేరుగా మెట్రో. పాపతో బస్సుల్లో ఇబ్బంది పడొద్దు.

ఒక చిట్కా. వెళ్ళలేకపోయినా సరే ఫెస్టివల్ వాళ్ళు పెట్టే ఎంపిక లిస్టు దాచుకోండి. ఆనెసీ అని ఫ్రాన్సులో యానిమేషన్‌కే ఒక పండగ, 1960 నుంచి ఉంది, ఆ లిస్టు చూసి పేర్లు రాసుకుంటాను. ఫెస్టివల్స్ తిరిగినంత కాలం సినిమా బయటికి రాదు, ఏడాదో రెండేళ్ళో ఆగితే చాలామంది తామే విమియోలోనో యూట్యూబ్‌లోనో పెట్టేస్తారు. అలా లిస్టుల్లో కనపడేవాటిలో ఒకటి మన కన్నడ కుర్రాడు చిదానంద నాయక్ తీసింది, ముసలావిడ కోడిపుంజుని ఎత్తుకుపోతే ఊళ్ళో తెల్లారడమే మానేసిన కథ, 16 నిమిషాలు, 2024లో ఫ్రాన్సులోని కాన్స్ ఫెస్టివల్‌లో విద్యార్థుల సినిమాల్లో మొదటి బహుమతి కొట్టింది. ఆ కోడిపుంజు కథ నేను మా నాయనమ్మ దగ్గర కూడా విన్నాను.

పన్నెండు_ఫ్రేములు:
అక్కా నాది మదనపల్లె, ఇక్కడే ఒక యానిమేషన్ స్టూడియోలో పని చేస్తా ఉండాను. పగలంతా వేరేవాళ్ళ బొమ్మలు కదిలిస్తా, రాత్రి నాది నేను చేసుకుంటా ఉంటా, నాలుగేళ్ళయింది, ఇప్పటికి మూడు నిమిషాలు అయింది.

మీరు చూసిన దాని కష్టం ఎంతో చెప్తా వినండి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకి 12 బొమ్మలు సరిపోతాయి. అట్ల లెక్కేసినా ఏడు నిమిషాలకి 5,040 బొమ్మలు. కాగితం మీదైతే తప్పు పోతే ఆ కాగితం తీసేసి ఇంకోటి గీసుకోవచ్చు. ఇసుకలో అట్ల కుదరదు, ఇప్పటి బొమ్మని చెరిపితేనే తరవాతి బొమ్మ వస్తాది, వెనక్కి పోయే దారే లేదు. తుమ్ము వస్తే అంతే సంగతి. అందుకే ఇసుకలో బొమ్మలు ఒకదాంట్లోంచి ఇంకోటి కరిగినట్టు మారతాయి, అది స్టైలు కోసం చేసింది కాదు, ఆ పదార్థమే అట్ల చేయిస్తాది. ఇది తెలిసినాక నేను కథ కంటే ముందు దేంతో చేసినారు అని చూడటం మొదలుపెట్టినా. మీరు కూడా వెతికేటప్పుడు షార్ట్ ఫిలిం అని కాకుండా శాండ్ యానిమేషన్, పెయింట్ ఆన్ గ్లాస్, కటౌట్, స్టాప్ మోషన్, పిక్సిలేషన్ అని కొట్టి చూడండి, వచ్చే లిస్టే మారిపోతాది.

నార్‌స్టైన్ అని రష్యా ఆయన 1975లో చేసిన ముళ్ళపంది, పొగమంచు సినిమా ఒకటి ఉంది, పది నిమిషాలది. అందులో పొగమంచు ఎట్ల చేసినాడో తెలుసా, పల్చటి కాగితం బొమ్మ మీద పెట్టి కొంచెం కొంచెంగా కెమెరా వైపు లేపినాడు, అంతే. ఇప్పుడు కంప్యూటర్లో కూడా నాకు అంత నిజంగా రాదు. పాపకి తప్పకుండా చూపించండి, భయం లేదు.

మన దేశంలో నాకు దేవతలాంటి మనిషి గీతాంజలి రావు. 'ప్రింటెడ్ రెయిన్‌బో' 2006, ఒక ముసలామె, ఒక పిల్లి, అగ్గిపెట్టెల బొమ్మలు. ఇల్లంతా నలుపు తెలుపు, అగ్గిపెట్టె బొమ్మలోకి పోతే రంగులు. మూడేళ్ళు ఒక్కతే కూర్చుని గీసింది, కాన్స్‌లో క్రిటిక్స్ వీక్ అనే విభాగంలో బహుమతులు వచ్చినాయి. నేను ఆ సినిమా చూసే ఇంజనీరింగ్ తరవాత ఈ పనిలోకి వచ్చినా.

గోదారి_గట్టు:
ఇన్ని పేర్లలో ఒక్క తెలుగు పేరు లేదు, అది నాకు కొంచెం గుచ్చుకుంటోంది. మనకి షార్ట్ ఫిలింస్ లేవా అంటే 2010 తర్వాత యూట్యూబ్‌లో వరదలా వచ్చాయి, తరుణ్ భాస్కర్ లాంటి వాళ్ళు అందులోంచే పెద్ద సినిమాల్లోకి వెళ్ళారు. కానీ మన దగ్గర షార్ట్ ఫిలిం అంటే నిర్మాతకి చూపించే విజిటింగ్ కార్డు అయిపోయింది, కాబట్టి అందరూ పెద్ద సినిమానే చిన్నగా తీస్తారు, ప్రేమకథ, నాలుగు పంచులు, చివర్లో మలుపు. చిన్నదాంట్లోనే చేయగలిగే పని ఒకటుంటుందని ఆలోచించేవాళ్ళు తక్కువ. తప్పు వాళ్ళది కాదు, ఇలాంటివి వేసే హాలు మన ఊళ్ళల్లో ఏది.

హిందూపురం అక్క తోలుబొమ్మలాట అన్నారు, ఆ మాట పట్టుకుని చెప్తున్నాను. లొట్టె రైనిగర్ అని జర్మనీ ఆవిడ నల్ల అట్ట కత్తిరించి, కీళ్ళకి తీగ కట్టి, కింద లైటు పెట్టి వందేళ్ళ కిందటే యానిమేషన్ చేసింది. 1926లో ఏకంగా గంటకు పైగా నిడివి ఉన్న సినిమా చేసింది. ఆవిడ సిండ్రెల్లా లాంటి చిన్న కథలు చూస్తే మన బొమ్మలే అనిపిస్తాయి, కాకపోతే మనవి మేక తోలు కాబట్టి వెలుగు లోపల్నుంచి వచ్చి రంగులు కనపడతాయి, అది ఆవిడ సినిమాలో లేని అందం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్నారు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మీ ఊరికి దగ్గరే కదా అక్కా, ఈసారి వెళ్ళినప్పుడు పాపని అక్కడికి తీసుకెళ్ళండి. ఆ బొమ్మల్ని ఫ్రేము ఫ్రేముకీ కదిలించి ఎవరైనా ఒక అయిదు నిమిషాల సినిమా చేస్తే చూసి చచ్చిపోవాలనుంది నాకు.

హిందూపురం_అక్క:
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. గుడ్లగూబ మళ్ళీ చూశాం, పాప ఈసారి బాతు వెనక్కి తిరుగుతుందా అని ఆపి ఆపి చూసింది. పూసల సినిమా నాలుగుసార్లు అయింది. ముళ్ళపంది సినిమా చూసి వాళ్ళ నాన్న కూడా వచ్చి కూర్చున్నారు. బాబాయ్ గారూ, మీరు చెప్పిన రెండు చోట్ల మెయిల్ ఇచ్చాను. నిమ్మలకుంటకి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పోతాం, ఖాయం.

అసలు విషయం ఏంటంటే మదనపల్లె తమ్ముడి మెసేజ్ చదివి వినిపించాను, అప్పట్నుంచి ఇల్లు ఇల్లులా లేదు. హాల్లో అద్దం టీపాయ్ కింద ఫోన్ టార్చ్ పెట్టి, పైన బొంబాయి రవ్వ పోసి, నా ఫోన్ని రెండు కుర్చీల మధ్య స్కేలుకి కట్టేసి మొత్తం 36 ఫోటోలు తీసింది. మూడు సెకన్లు. ఒక పిట్ట తల తిప్పి వెనక్కి చూస్తుంది. కానీ టార్చ్ ఉన్న మధ్యలో మాత్రం తెల్లగా మండిపోతోంది, చుట్టూ చీకటి, పైగా ఫోటో ఫోటోకి వెలుగు తగ్గుతూ పెరుగుతూ వస్తోంది. ఏం చేయాలి తమ్ముడూ?

పన్నెండు_ఫ్రేములు:
అక్కా చదివి ఒళ్ళు జలదరించింది. అద్దం కింద వైపు ట్రేసింగ్ పేపర్ గానీ బటర్ పేపర్ గానీ అతికించండి, టార్చ్‌ని నేల మీదికి దించండి, ఎంత దూరం ఉంటే వెలుగు అంత సమంగా పరుచుకుంటాది. ఫోటోకి ముందు స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ లాక్ అవుతాది, దాంతో ఆ మిణుకు పోతాది. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేయాల, రాత్రిపూటే తీయండి. రవ్వని సన్న జల్లెడ పట్టి కొంచెం వేయించుకోండి, తేమ పోతే వేళ్ళకి అంటుకోదు. ఆ మూడు సెకన్లు మాత్రం చెరపొద్దని పాపకి చెప్పండి, అట్లనే పెట్టండి ఇక్కడ, మేమంతా చూస్తాం.